రిపోర్టులో పాజిటివ్, ఒంట్లో ఏమీ లేదు... ఏది నమ్మాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది విజయవాడ సత్యనారాయణపురం. బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో అకౌంట్స్ చూస్తాను. పోయిన గురువారం నా పక్క సీటు అమ్మాయి, నేను కలిసి అన్నం తిన్నాం. శుక్రవారం తనకు జ్వరం వచ్చింది. శనివారం కోవిడ్ పాజిటివ్ అని ఫోన్ చేసి చెప్పింది. నాకు టెన్షన్ పట్టుకుని ఆ సాయంత్రమే మెడికల్ షాపులో కిట్ కొని చూసుకున్నాను. నెగెటివ్. అయినా మనసు ఊరుకోలేదు. మొన్న బుధవారం ల్యాబ్‌కి వెళ్ళి ఆర్‌టీపీసీఆర్ చేయించుకున్నాను. నిన్న రిపోర్టు వచ్చింది. పాజిటివ్, సీటీ వాల్యూ 33. రాత్రి మళ్ళీ కిట్‌తో చూస్తే నెగెటివ్! నాకు జ్వరం లేదు, దగ్గు లేదు, రుచి వాసన బాగానే తెలుస్తున్నాయి. "ఒంట్లో ఏమీ లేకుండా రోగమేంటి, ఇదంతా ల్యాబుల వాళ్ళ డబ్బు ఆశ" అంటారు మా అత్తగారు. ఆవిడకు 72 ఏళ్ళు, షుగర్ ఉంది, సోమవారం కంటి శుక్లం ఆపరేషన్. మా ఆడపడుచు పురిటికి వచ్చి మా ఇంట్లోనే ఉంది. పాపకు ఈ రోజుకి 16 రోజులు. బుధవారం 21వ రోజు ఉయ్యాలలో వేద్దామని గుంటూరు నుంచి వియ్యాలవారు పదిహేను మంది వస్తున్నారు. మా ఆయన ఇంటిల్లిపాదికీ, పాపతో సహా, టెస్టులు చేయిద్దాం అంటున్నారు. షాపు ఓనరు గారేమో నెగెటివ్ రిపోర్టు తెస్తేనే రమ్మంటున్నారు. ఏది నమ్మాలి, ఎవరికి చేయించాలి, ఎవరికి చెప్పాలి? రాత్రి నిద్ర పట్టలేదు.
(ఒక సోదరి, విజయవాడ)

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం ఈ ఉదయం, అంటే శుక్రవారం చేరింది. ఆపరేషన్ సోమవారం అన్నారు కాబట్టి వంతు ప్రకారం ఆగకుండా ఈ రోజే రాస్తున్నాను. ముందు నిద్ర గురించి ఒక మాట. ఎనిమిది రోజులు గడిచినా ఒంట్లో ఏ ఇబ్బందీ లేదంటే మీ ఆరోగ్యం గురించి భయపడాల్సింది దాదాపు ఏమీ లేదు. మీ కంగారు మీ గురించి కాదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. ఇంట్లో ఒక పెద్దావిడ, ఒక బాలింత, కళ్ళు కూడా సరిగ్గా తెరవని పసిగుడ్డు. ఆ కంగారు న్యాయమైనది. దానికి తగ్గట్టే మాట్లాడుకుందాం.

ఇవాళ చేయాల్సింది ముందు చెప్పేస్తాను. మీరు వేరే గదిలో పడుకోండి, గది దాటి వస్తే ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టుకోండి. అత్తగారి ఆపరేషన్ ఉన్న కంటి ఆసుపత్రికి ఈ పూటే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పాపను ఎత్తుకోవడం వచ్చే బుధవారం దాటేదాకా మానండి. ఇంటిల్లిపాదికీ టెస్టులు వద్దు. ఎందుకో చెబుతాను.

మీ చేతిలో ఉన్న మూడు ఫలితాలు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటున్నాయని మీకు అనిపిస్తోంది. నాకు అలా కనిపించడం లేదు. మూడూ నిజమే చెప్పాయి, కాకపోతే మూడింటినీ మీరు అడిగిన ప్రశ్న ఒకటి కాదు.

మొదటిది శనివారం నాటి కిట్. గురువారం కలిసి తిన్నారు, శనివారం పరీక్ష చేసుకున్నారు. రెండు రోజులు. వైరస్ ఒంట్లోకి వచ్చినా అప్పటికి గొంతులో, ముక్కులో పరీక్షకు అందేంతగా పెరగదు. నారు పోసిన రెండో రోజే మడిలో చేయిపెట్టి వెతికితే ఏం దొరుకుతుంది? 2020లో ఏడు అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, సోకిన మొదటి రోజు ఆర్‌టీపీసీఆర్ చేసినా నూటికి నూరు మందిలోనూ నెగెటివే అని తేలింది. నాలుగో రోజున నూటికి 67 మందిలో, లక్షణాలు మొదలయ్యే ఐదో రోజున 38 మందిలో దొరక్కుండా పోయింది. ఎనిమిదో రోజున అతి తక్కువ, అప్పుడూ 20 మందిలో తప్పింది. అన్నిటికంటే చురుకైన పరీక్షకే ఆ గతి పడితే, ఇంట్లో చేసుకునే కిట్ రెండో రోజున నెగెటివ్ చూపిందంటే దాని విలువ ఎంతో మీరే ఆలోచించండి. ఆ లెక్కలు తొలి రకం వైరస్‌వి. ఒమిక్రాన్ వచ్చాక బయటపడే గడువు సుమారు మూడు రోజులకు తగ్గింది. అయినా రెండో రోజు నెగెటివ్‌ను పట్టుకుని ధైర్యంగా తిరగకూడదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నాకు సొంత కారణం ఉంది. 2020లో నేను గుంటూరులో ఒక ల్యాబ్‌లో పని చేశాను. తొలి రోజుల్లో మన రాష్ట్రం నమూనాలు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్ళేవి. తర్వాత ఇక్కడే ల్యాబులు వచ్చాయి, క్షయ రోగం కోసం తెచ్చిన ట్రూనాట్ మిషన్లను కూడా కరోనాకు వాడారు. మే నెల గుంటూరు ఎండలో ఆ ప్లాస్టిక్ సూట్ల లోపల చెమటకు బూట్లు తడిసిపోయేవి. ధర్మాకోల్ పెట్టెల్లో ఐస్ ప్యాకుల మధ్య గొట్టాలు వచ్చేవి, ఒక్కొక్కదాని మీద ఒక మనిషి పేరు. ఒకసారి ఒకాయన, తమ్ముడికి పాజిటివ్ అని తెలిసిన మర్నాడే పరుగెత్తుకొచ్చి శాంపిల్ ఇచ్చారు. నెగెటివ్ వచ్చింది. ఆ కాగితం మీద సంతకం నాది. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆయన దగ్గరి వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళారు. నాలుగో రోజుకి ఆయనకు జ్వరం, వారం తిరిగేసరికి ఆ గృహప్రవేశానికి వచ్చినవాళ్ళలో ముగ్గురికి. రిపోర్టులో తప్పు లేదు. ఆ రోజు ఆయన గొంతులో వైరస్ లేదు. కానీ "ఇది ఈ రోజు మాట మాత్రమే, మూడు నాలుగు రోజులు ఆగి మళ్ళీ రండి" అని నోటితో చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ రోజు నుంచి ఎవరికి రిపోర్టు ఇచ్చినా ముందు అడిగేది ఒక్కటే: ఎవరితో, ఎప్పుడు కలిశారు?

ఇక బుధవారం నాటి ఆర్‌టీపీసీఆర్. ఆరో రోజున ఇచ్చారు, సరైన సమయం. ఇందులో సీటీ 33 అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పి ఉండరు. గొంతులో, ముక్కులో పుల్లతో తీసిన శాంపిల్‌లో ఉన్న వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. దాన్ని ముందు ఒక ఎంజైముతో డీఎన్‌ఏగా మారుస్తారు. తర్వాత మిషన్ దాన్ని వేడి చేస్తూ, చల్లారుస్తూ ఒక్కో విడతకు రెట్టింపు చేస్తూ పోతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఎన్నో విడతకు అది మిషన్ కంటికి ఆనుతుందో ఆ అంకెనే సీటీ అంటాం. వైరస్ ఎక్కువ ఉంటే 18, 20 విడతలకే వెలుగు కనిపిస్తుంది. తక్కువ ఉంటే 30 దాటాకే. మన దేశంలో 35 వరకు వస్తే పాజిటివ్ అని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) గీత గీసింది. మీది 33. మీ పక్క సీటు అమ్మాయిది 23 అయి ఉంటే పది విడతల తేడా. పదిసార్లు రెట్టింపు చేస్తే 1,024. అంటే తన శాంపిల్‌లో ఉన్నదాంట్లో సుమారు వెయ్యో వంతే మీ శాంపిల్‌లో ఉన్నట్టు. అయితే ఒక జాగ్రత్త. శాంపిల్ తీసేవారు పుల్లను పైపైన తిప్పి తీసేసినా సీటీ పెరుగుతుంది. గొట్టం చల్లగా ఉంచకపోయినా పెరుగుతుంది. ఒక ల్యాబ్ అంకెను మరో ల్యాబ్ అంకెతో పోల్చకూడదు. అందుకే అంకెను బట్టి రోగం తీవ్రత చెప్పకూడదు.

అత్తగారి అనుమానానికీ ఇక్కడే జవాబు ఉంది. మంచి ల్యాబ్ ప్రతి శాంపిల్‌లోనూ వైరస్‌తో పాటు మనిషి కణాల జన్యువును కూడా వెతుకుతుంది. అది కనిపించకపోతే పుల్ల సరిగ్గా తగల్లేదని అర్థం, ఆ శాంపిల్‌ను నెగెటివ్ అనకుండా మళ్ళీ తీయమంటారు. వైరస్‌వి కూడా ఒకటి కాకుండా రెండు మూడు జన్యువులు చూస్తారు. మీ రిపోర్టులో ఎన్, ఓఆర్‌ఎఫ్ అని రెండు వరసలు ఉంటే, రెండింట్లోనూ అంకెలు ఉంటే, అది ఏదో పొరపాటున పడ్డ మరక కాదని నమ్మవచ్చు. ఒక్కదాంట్లోనే ఉంటే ఆ ల్యాబ్‌కి ఫోన్ చేసి మళ్ళీ చూడమని అడగండి. అడగడం మీ హక్కు, ఎవరూ ఏమీ అనుకోరు.

మూడోది నిన్న రాత్రి కిట్. అది వెతికేది వైరస్‌లో ఉండే ప్రొటీన్‌ను. దానికి రెట్టింపు చేసే శక్తి లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టుకోవాలి. అందుకే వైరస్ దండిగా ఉన్నప్పుడు బాగా చూపిస్తుంది, 33 దగ్గర చాలాసార్లు చూపించదు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను కలిపి 2022లో కాక్రేన్ సంస్థ వేసిన లెక్కలో, లక్షణాలు ఉన్నవాళ్ళలో ఈ కిట్లు నూటికి 73 మందిని పట్టాయి. లక్షణాలు లేనివాళ్ళలో 55 మందినే. అంటే మీలాంటి వాళ్ళలో దాదాపు సగం మంది తప్పించుకుంటారు. దానికి తోడు మన బెజవాడ ఎండ. ఆ కిట్లు చాలావరకు 30 డిగ్రీలకు లోపు ఉంచాల్సినవి. ఎండలో బండి డిక్కీలో పెట్టి తెచ్చుకుంటే ఆ పట్టీ ఏం చెబుతుందో దేవుడికే తెలియాలి. ఇరవై నిమిషాలు దాటాక చూసిన గీతకు కూడా విలువ లేదు.

కాబట్టి బుధవారం మీ ముక్కులో వైరస్ ఉంది, కొద్దిగా ఉంది. నిన్న రాత్రి కిట్‌కు అందేంత లేదు. ఈ రెండూ పక్కపక్కన హాయిగా ఇముడుతాయి.

మిగిలిన అసలు ప్రశ్న వేరే. అది పెరిగే దారిలో ఉన్న కొద్దా, తగ్గే దారిలో ఉన్న కొద్దా? సీటీ 33 ఎక్కేటప్పుడూ వస్తుంది, దిగేటప్పుడూ వస్తుంది. ఒక్క ఫొటో చూసి బస్సు ఊళ్ళోకి వస్తోందో, ఊరు దాటి వెళ్తోందో చెప్పలేం కదా. మీరు కాస్త గుర్తు చేసుకోండి: ఈ రెండు నెలల్లో ఎప్పుడైనా జలుబు, గొంతు గరగర, రెండు రోజుల ఒళ్ళు నొప్పులు వచ్చి తగ్గాయా? కోవిడ్ తగ్గాక కూడా చచ్చిన వైరస్ ముక్కలు వారాల తరబడి, ఒక్కోసారి మూడు నెలల వరకు ఆర్‌టీపీసీఆర్‌లో పాజిటివ్ చూపిస్తాయి. ఆ ముక్కలు ఎవరికీ అంటవు. అలాంటి జలుబు వచ్చినట్టు గుర్తుంటే, ఇది ఆ పాత అప్పు తాలూకు చివరి వాయిదా కావచ్చు. గుర్తు లేకపోతే, మీ స్నేహితురాలి దగ్గర నుంచి వచ్చిందనే లెక్కలో ఉండండి. పసిపాప ఉన్న ఇంట్లో అనుమానం జాగ్రత్త వైపే మొగ్గాలి.

తేల్చుకునే మార్గం చవకైనదే. మరో ఆర్‌టీపీసీఆర్ వద్దు, అది వచ్చే నెల కూడా పాజిటివ్ అనవచ్చు. కిట్లు రెండు కొనండి. రేపు శనివారం రాత్రి ఒకటి, సోమవారం రాత్రి ఒకటి. నిన్నటి దానితో కలిపి 48 గంటల తేడాతో మూడు అవుతాయి. లక్షణాలు లేనివాళ్ళు ఇలా మూడుసార్లు చూసుకోవాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2022 ఆగస్టులో చెప్పింది, ఆ సలహా నాకు సరైనదే అనిపిస్తుంది. రెండో గీత వస్తే ఇప్పుడిప్పుడే పెరుగుతోందని అర్థం, ఆ రోజు నుంచి కొత్తగా రోజులు లెక్కపెట్టండి. ఎంత సన్నగా, ఎంత మసకగా వచ్చినా అది గీతే. రాకపోతే బుధవారం వరకు గది, మాస్కు చాలు. మన దేశ ఆరోగ్య శాఖ 2022 జనవరిలో ఇచ్చిన ఇంటి ఐసోలేషన్ నియమం కూడా అదే: పాజిటివ్ వచ్చిన రోజు నుంచి ఏడు రోజులు, చివరి మూడు రోజులు జ్వరం లేకుండా ఉండాలి. ఆ తర్వాత మళ్ళీ టెస్ట్ అక్కర్లేదు.

ఈ చివరి వాక్యం మీ ఓనరు గారికి చూపించండి. నెగెటివ్ రిపోర్టు తెమ్మంటే మీరు ఏ తప్పూ లేకుండా నెల రోజుల జీతం పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఆయన అడగాల్సింది పాజిటివ్ వచ్చిన తేదీ. మీ రిపోర్టే ఆ కాగితం. ఇంకో మాట కూడా ఆయనతో చెప్పవచ్చు, ఎందుకంటే కొంతమంది యజమానులు స్టాఫ్ అందరికీ వారం వారం టెస్టులు పెడదామని ఉత్సాహపడతారు. ఊరికే ఒక లెక్క వేద్దాం. కేసులు బాగా తక్కువ ఉన్న రోజుల్లో ఏ లక్షణమూ లేని పది వేల మందికి కిట్‌తో చూశాం అనుకోండి. వాళ్ళలో నిజంగా సోకినవాళ్ళు 20 మంది అనుకుందాం. కిట్ 11 మందిని పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మిగతా 9,980 మందిలో వెయ్యికి ఐదుగురి చొప్పున తప్పుగా గీత చూపినా 50 మంది అవుతారు. మొత్తం పాజిటివ్‌లు 61, అందులో నిజమైనవి 11. యాభై ఇళ్ళలో ఊరికే టెన్షన్, సోకిన తొమ్మిది మంది చేతిలో "నెగెటివ్" అన్న ధైర్యం. అదే కిట్‌ను, పాజిటివ్ మనిషి పక్కన కూర్చున్న వెయ్యి మందికి పెట్టి, అందులో 150 మందికి సోకిందనుకుంటే 82 మందిని సరిగ్గా పడుతుంది, తప్పుగా చూపేది నలుగురినే. పరీక్ష మారలేదు, ఎవరికి చేశామో అది మారింది. మీ పక్క సీటు అమ్మాయికి జ్వరం వచ్చింది కాబట్టి మీరు చూసుకోవడంలో అర్థం ఉంది. పై అంతస్తులో చీరలు మడతపెట్టే అమ్మాయికి చేయించడంలో లేదు.

అత్తగారు అన్న మాట గురించి ఇంకొంచెం. "ఒంట్లో ఏమీ లేకుండా రోగమేంటి" అని ఆవిడ ఒక్కరే అనలేదు. 2020లో ఆ మాట మాకు రోజూ వినపడేది. ఆవిడకు ఆటలమ్మ గురించి గుర్తు చేయండి. ఒంటి మీద పొక్కు కనపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది పక్క పిల్లలకు అంటుతుంది. ఇంట్లో ఒకరికి పోశాక వరసగా అందరికీ పోయడం ఆవిడ చూసే ఉంటారు. కరోనా కూడా అంతే. మీ స్నేహితురాలికి గురువారం ఏమీ లేదు, శుక్రవారం జ్వరం. మీకు అంటి ఉంటే ఆ గురువారం మధ్యాహ్నమే అంటింది. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడను ఆపేశారు. అందులో 3,711 మంది, మన దేశం వాళ్ళు కూడా ఉన్నారు. లక్షణాలతో పని లేకుండా పరీక్షలు చేసుకుంటూ పోతే చివరికి 712 మందికి పాజిటివ్ తేలింది. టెస్ట్ చేసే సమయానికి అందులో సుమారు సగం మందికి ఏ బాధా లేదు. కొందరికి తర్వాత మొదలైంది, కొందరికి ఎప్పటికీ రాలేదు. రోగం ఉన్నా కనిపించకపోవచ్చని ప్రపంచానికి మొదట గట్టిగా తెలిసింది అక్కడే. అయితే చివరిదాకా ఏ లక్షణమూ రానివాళ్ళ నుంచి ఇతరులకు అంటడం, దగ్గుతూ తుమ్ముతూ ఉన్నవాళ్ళతో పోలిస్తే తక్కువ. ఇది కూడా ఆవిడకు చెప్పండి, లేకపోతే మిమ్మల్ని చూసి అనవసరంగా బెదిరిపోతారు.

ఆ రోజుల్లో పాజిటివ్ వచ్చిన ఇంటి ముందు వెదురు బొంగులు అడ్డం కట్టేవారు. ఒంట్లో నలతైనా లేని మనిషిని అంబులెన్సు ఎక్కిస్తుంటే వీధంతా కిటికీల్లోంచి చూసేది. పరీక్ష అంటే మన జనానికి ఈ రోజుకీ ఒక అవమానం లాగా తోచడానికి ఆ బొంగులే కారణమని నేను అనుకుంటాను. మీ అత్తగారి కోపంలో కూడా ఆ భయం ఉండి ఉంటుంది. ఆవిడతో వాదించకండి.

ఇప్పుడు ఇంట్లో ఎవరికి చేయించాలి? మీ ఆయన ఆదుర్దా నాకు అర్థమైంది, కానీ ఆయన్ను ఒక్కటి అడగండి: "మీకు పాజిటివ్ వస్తే మనం ఏం మారుస్తాం? నెగెటివ్ వస్తే ఏం మారుస్తాం?" ఆయన ఆరోగ్యంగా ఉన్న మనిషి. ఏది వచ్చినా చేసేది మాస్కు పెట్టుకోవడం, తల్లికీ పాపకూ దూరంగా ఉండడమే. అది టెస్ట్ లేకుండానే ఈ రోజు నుంచి చేయవచ్చు. ఐసీఎంఆర్ 2022 జనవరి 10న ఇచ్చిన సూచనలు కూడా అలాగే ఉన్నాయి. లక్షణాలు లేని మామూలు జనానికి పరీక్ష అక్కర్లేదు. పాజిటివ్ వచ్చినవాళ్ళతో కలిసినా, వయసు వల్లో జబ్బుల వల్లో ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ళకే చేయాలి.

మీ ఇంట్లో ఆ లెక్కలోకి వచ్చేది అత్తగారు ఒక్కరే. 72 ఏళ్ళు, షుగర్. ఆవిడ విషయంలో ఫలితం వల్ల చేసే పని మారుతుంది. పాజిటివ్ వచ్చి జ్వరమో దగ్గో మొదలైతే ఇవ్వదగ్గ మందులు ఉన్నాయి, అవి మొదటి ఐదు రోజుల్లో మొదలుపెడితేనే పని చేస్తాయి. మీరు నిన్నటిదాకా ఆవిడతో కలిసి తిరిగారు కాబట్టి ఈ రోజు చేయిస్తే మీ శనివారం కిట్ కథే అవుతుంది. మంగళవారం చేయించండి, ఆర్‌టీపీసీఆరే చేయించండి. ఈలోపు గొంతు నొప్పి, జ్వరం, నీరసం ఏది కనపడినా ఆ రోజే చేయించండి. షుగర్ రోజూ చూస్తూ ఉండండి, ఇన్‌ఫెక్షన్ ఉంటే అది ముందే ఎగబాకుతుంది. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ ఇంట్లో మూల పడి ఉంటే బ్యాటరీ మార్చి పెట్టుకోండి. 94 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆపరేషన్ సంగతి. కంటి శుక్లం నెలల తరబడి ముదిరేది, వారం పది రోజులు ఆగితే సాధారణంగా నష్టం లేదు. ఎంత ఆగవచ్చో ఆవిడ కంటి డాక్టరు గారు చెబుతారు. దాచిపెట్టి తీసుకెళ్ళడం మాత్రం వద్దు. ఆపరేషన్ గదిలో డాక్టరు ముఖం ఆవిడ ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది, ఆ తర్వాత అదే చోట ఇంకో పెద్దావిడ పడుకుంటుంది. ఇక్కడ ఒకటి చదివేవాళ్ళందరికీ చెప్పాలి. ఇది ఆగగలిగే ఆపరేషన్ కాబట్టి ఆగమంటున్నాను. కాన్పు, అపెండిక్స్, యాక్సిడెంటు, గుండెపోటు లాంటి అత్యవసరాల్లో టెస్ట్ రిపోర్టు రాలేదని ఏ ఆసుపత్రీ చికిత్స ఆపకూడదు. పైన చెప్పిన ఐసీఎంఆర్ సూచనల్లోనే అది కూడా స్పష్టంగా ఉంది. ఎవరైనా ఆపితే ఆ మాట గట్టిగా అడగండి.

పాపకు టెస్ట్ వద్దు. ఏ ఇబ్బందీ లేని 16 రోజుల పసికందు ముక్కులో పుల్ల పెట్టించి మనం తెలుసుకునేది ఏమీ లేదు. చూడాల్సింది పాప పాలు తాగుతోందా, మూత్రం మామూలుగా పోస్తోందా, ఊపిరి ఎగపోస్తోందా అని. ఒళ్ళు వేడిగా ఉండి థర్మామీటర్‌లో 100.4 దాటినా, పాలు మానేసినా, మరీ మగతగా ఉన్నా ఆ గంటలోనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నెల లోపు బిడ్డకు జ్వరం వస్తే అది కరోనా అయినా కాకపోయినా అత్యవసరమే. ఆడపడుచు పాలు ఇవ్వడం ఆపకూడదు. రేపు తనకే పాజిటివ్ వచ్చినా సరే, మాస్కు పెట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని పాలు ఇవ్వవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కూడా ఇదే. భయపడి పాపకు డబ్బా పాలు మొదలుపెడతారేమోనని ఈ మాట నొక్కి చెబుతున్నాను. 2020, 21లో తల్లీబిడ్డలను అనవసరంగా విడదీసిన ఇళ్ళు నేను చూశాను.

రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష చేయించమని ఎవరైనా చెబితే వినకండి, అది ఇప్పుడు సోకిందో లేదో చెప్పదు. లక్షణాలు లేకుండా ఛాతీ సీటీ స్కాన్ అసలే వద్దు. పేరు ఒకటే కావడంతో "సీటీ 33" అంటే ఊపిరితిత్తుల స్కాన్ స్కోరు అనుకుని ఏడ్చినవాళ్ళు కూడా ఉన్నారు. రెండింటికీ సంబంధం లేదు.

ఇక మీరు అడగడానికి మొహమాటపడి చివర పెట్టిన ప్రశ్న, ఎవరికి చెప్పాలని. వియ్యాలవారికి చెప్పాలమ్మా. పదిహేను మంది గుంటూరు నుంచి కార్లలో వచ్చి, అందరూ పాపను చేతుల మీద ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటారు. మీ ఒక్కరి రిపోర్టు సంగతి పక్కన పెట్టండి. ఇంట్లో మిగతా వాళ్ళకు ఇంకా బయటపడే గడువు దాటలేదు, వచ్చేవాళ్ళలో ఎవరికి ఏముందో తెలియదు. మూడు వారాల పాపకు అది మంచిది కాదు. చాలా ఇళ్ళలో ఉయ్యాల వేడుక మూడో నెలలో కూడా చేసుకుంటారు. మీ పురోహితుడు గారిని అడిగితే మంచి రోజు చెబుతారు. 21వ రోజే కావాలని పెద్దవాళ్ళు పట్టుబడితే బుధవారం ఇంట్లో ఉన్నవాళ్ళే కిటికీలు తెరిచి పెట్టి పాపను ఉయ్యాలలో వేయండి, గుంటూరు వాళ్ళు వీడియో కాల్‌లో చూస్తారు. విందు తర్వాత.

ఫోన్ మీరు చేయకండి, మీ ఆయన చేత చేయించండి. కోడలు దాచిందన్న మాట గానీ, కోడలి వల్ల ఆగిందన్న మాట గానీ మీ మీదకు రాకూడదు. "వదిన గారూ, ఇంట్లో ఒకరికి కోవిడ్ పాజిటివ్ వచ్చింది, ఒంట్లో బాగానే ఉంది. పాప కోసం వేడుక పది రోజులు వాయిదా వేద్దామనుకుంటున్నాం" అని మీ అత్తగారు ఒక్క మాట కలిపితే ఇంకా మంచిది. వియ్యపురాలికి వియ్యపురాలు చెబితే కాదనరు. ఆవిడను ఒప్పించే పని మీ ఆయనది. సోమవారం రాత్రి కిట్ చూసుకున్నాక, గీత వచ్చినా రాకపోయినా, నాకు ఒక్క ముక్క రాయండి. అత్తగారి మంగళవారం రిపోర్టు వచ్చాక కూడా.